ఇటలీ కారు మీది దుమ్ము

దుమ్ముకు ధర ఉంటుందని నాకు ఖతర్ వచ్చాకే తెలిసింది. మా బోధన్‌లో దుమ్ము ఊరికే దొరుకుతుంది. చెరుకు లారీలు పోయే రోడ్డు పక్కన కాసేపు కూర్చుంటే చాలు, కన్నతల్లి కూడా మనల్ని గుర్తుపట్టదు. అలాంటి దుమ్ముకు చుట్టూ తాడు కట్టి, రాత్రింబవళ్ళు ఏసీ వేసి, ఈగ వాలకుండా కాపలా కాయడం నా ఉద్యోగంలో భాగమయింది. మొదట్లో నేనూ చాలా నవ్వుకున్నాను.

నా పేరు నిసార్ అహ్మద్. లుసైల్ వెనకవైపు ఒక పెద్ద గోడౌన్‌కు ఇన్‌చార్జిని. మా కఫీల్, అంటే మా అందరికీ వీసా ఇచ్చిన ఖతరీ పెద్దమనిషి, పాత యూరప్ కార్లు కొని అందులో పెడతాడు. జర్మనీ పోర్షేలు, ఇంగ్లండ్ జాగ్వార్లు, అన్నీ మా నాన్న నిఖాకు ముందు పుట్టినవే. అవి రోడ్డెక్కవు. ఒంటినిండా బట్ట కప్పుకుని నిద్రపోతాయి. అప్పుడప్పుడు వేలానికి పోయి, షోరూంలో కొత్త కారు సిగ్గుపడే ధర తెచ్చుకుంటాయి.

వాటిని యూరప్ అంతా తిరిగి ఏరి తెచ్చేవాడు మా మేనేజర్ జహాంగీర్. హైదరాబాద్‌లో టోలీచౌకీ మనిషి. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, మనిషికంటే ముందే వచ్చే అత్తరు వాసన, దొరలతో దొరలా మాట్లాడే ఇంగ్లీషు. కఫీల్‌కు అతని మాటంటే గురి. ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగే ఏడాది అతను ఇటలీ నుంచి ఒక ఎర్ర ఆల్ఫా రోమియో తెచ్చాడు. రెండే సీట్లు. ఎర్రదని చెప్పడమే గానీ ఎరుపు ఎక్కడా కనిపించేది కాదు. ఎవరో రైతు చనిపోతే, ఆయన గడ్డి కొట్టంలో నలభై ఏళ్ళుగా ఒక మూల పడి ఉన్నది దొరికిందట. ఒళ్ళంతా మందంగా దుమ్ము, దుమ్ము మీద పావురాల రెట్టలు, అద్దాలకు బూజు. అలా ఉంటేనే దానికి విలువట. ఇన్నేళ్ళుగా దాని మీద ఎవరి చెయ్యీ పడలేదని, రంగు మార్చలేదని, విప్పి బిగించలేదని ఆ దుమ్మే సాక్ష్యం చెబుతుందట. వేలం పుస్తకం అట్ట మీద కూడా ఆ మురికి బొమ్మే వేశారు. దాన్ని ఎవడు ముట్టుకున్నా ఆ రోజే విమానం ఎక్కిస్తానని జహాంగీర్ అందరికీ చెప్పాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వీళ్ళ వ్యవహారం అనుకున్నాను.

అలాంటి చోటికి వచ్చి పడ్డాడు ముత్యం. జగిత్యాల వైపు పల్లె అతనిది. ఊళ్ళో ట్రాక్టర్ నడిపేవాడు. ఇక్కడ మా కఫీల్‌కే ఉన్న ఇంకో కంపెనీలో చేరి లుసైల్ రోడ్లు వేశాడు. రోడ్లు పూర్తయ్యాయి. దీపస్తంభాలకు దేశదేశాల జెండాలు కడుతున్నారు. ఆ స్తంభాలు పాతినవాళ్ళను మాత్రం బస్సుల్లో ఎక్కించి ఎయిర్‌పోర్టుకు తోలుతున్నారు. క్యాంపులు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అవుతున్నాయి. మా గోడౌన్‌లో కార్లు తుడిచే మనిషి కావలసి వచ్చి ముత్యాన్ని పంపారు. పంపేటప్పుడే షరతు పెట్టారు. వేలం బాగా జరిగితే పని ఖాయం, కొత్త వీసా. జరగకపోతే అందరితోపాటు ఇంటికి.

ఇంటికి అంటే ముత్యానికి భయం. కరోనా అప్పుడు ఒకసారి అలాగే పంపిస్తే చాలాకాలం పని లేక ఊళ్ళో కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. పలకరించిన ప్రతివాడూ, దుబాయ్‌ల ఏం తప్పు జేసినవని అడిగేవాడట. భార్య గంగాబాయి రోజూ ఫోన్ చేసి అడిగేది కూడా ఒకటే, పని ఖాయమైందా అని. ఆ మాటకు అతను వాతావరణం గురించి చెప్పేవాడు.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. ఏ కారు తుడిచినా అందులో మన ముఖం కనిపించాల్సిందే. మురికి బండిని చూస్తే అతనికి నిజంగానే ఒంట్లో బాగుండదు. ఆల్ఫా రోమియో ముందు నిలబడి, ఇదేం పాపం చేసిందని ఇట్ల పెట్టిండ్రని నన్ను రోజూ అడిగేవాడు. నేను దుమ్ము విలువ గురించి చెబితే తల ఊపేవాడు. ఎవరైనా ఆటపట్టిస్తే మా వైపు మనుషులం ఎలా తల ఊపుతామో అలా.

దసరా వచ్చింది. వేలం ఇంకో వారం ఉంది. పండగ మర్నాడు ఇంగ్లండ్ నుంచి కార్లను పరీక్ష చేసే ఒక మేడమ్ వచ్చి ఒక్కోదాన్నీ చూసి సరే అనాలి. దసరా పొద్దున నేను నజ్మాలోని నా గది నుంచి డ్యూటీకి వచ్చేసరికి గోడౌన్ షట్టర్ సగం లేచి ఉంది. లోపలినుంచి ఊదుబత్తి వాసన వస్తోంది. ముత్యం కొత్త చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టు పెట్టుకుని ఎదురొచ్చాడు. ఇక్కడ అరబ్బులు గాఫ్ అని పిలిచే చెట్టు మన జమ్మేనట. ఎక్కడో రోడ్డు పక్కన దాన్ని కనిపెట్టి నాలుగు ఆకులు తెంపుకొచ్చాడు. వాటిని బంగారమని నా చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నాడు. నేనూ సంతోషంగా కౌగిలించుకున్నాను. అప్పుడు అతని భుజం మీదుగా కారు కనిపించింది.

ఎర్రగా ఉంది. పండుమిరపకాయ లాగా ఎర్రగా ఉంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, మూడు గీతలు. ముందుభాగానికి నజ్మా నుంచి తెప్పించిన బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఎదురుగా కొట్టిన కొబ్బరికాయ. దుమ్ము లేదు, రెట్టలు లేవు, బూజు లేదు. ముందున్న బిళ్ళను చింతపండుతో తోమాడు కాబోలు, అది కూడా తళతళలాడుతోంది.

పక్కనున్న పోర్షే మీద చెయ్యి ఆనించాను. ఎందుకు చేశావని చివరికి ఎలాగో అడిగాను. అందులో వింతేముందన్నట్టు ముత్యం నా వైపు చూశాడు.

"అమ్మకానికి పోయే బండి గదా నిసార్ భాయ్. ఎడ్లను అంగడికి తోలేముందు కడిగి, కొమ్ములకు రంగేసి తోలుకపోతం. మురికెద్దును ఎవ్వడు కొంటడు? గంగాబాయి గూడ అదే అన్నది. ముట్టద్దన్నది ఉత్త దినాలకు. ఇయ్యాల దసరా."

అది అతని లెక్క. వేలం బాగా జరగాలి, తన పని నిలవాలి. అందుకు ఒక మనిషి చేయగలిగినదంతా తెల్లవారుజామునే లేచి చేశాడు. ముట్టుకోవద్దన్న మాటను కాదనాలని అతనికి లేదు. పండగనాడు ఏ బండినైనా కడగవద్దనేవాడు ప్రపంచంలో ఉంటాడని అతని బుర్రకు తట్టలేదు. తిట్టాలనుకున్నాను గానీ ఏమని తిట్టాలో తెలియలేదు.

ఇంతలో అత్తరు వాసన వచ్చింది. వెనకే జహాంగీర్ వచ్చాడు. కారును చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ తర్వాత ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే, తడిగా ఉన్న నేల మీద కూలబడ్డాడు. ముత్యం వంగి అతని చేతిలో కూడా జమ్మి ఆకు పెట్టి పండగ శుభాకాంక్షలు చెప్పాడు. జహాంగీర్ ఆ ఆకును పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. సామాన్లు సర్దుకో, సాయంత్రం విమానానికి టికెట్ తీస్తాను అని చాలా చిన్నగా చెప్పాడు. ముత్యం మొదట నవ్వాడు, నేను కూడా నవ్వుతానేమోనని నా వైపు చూశాడు, నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. తను కారును చెడగొట్టలేదని జహాంగీర్‌కు నచ్చజెప్పాలని తొందర తొందరగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"బండి మంచిగున్నది సార్, మీకు దెల్వదు గావచ్చు. దుమ్ము నీళ్ళకు పోలే. జిగట పెట్టి అంటిచ్చినట్టున్నది, వేణ్ణీళ్ళు పోసి నానబెట్టినంక ఊడింది. రెట్టలు గూడ రెట్టలు గావు, ఉత్త సున్నం. లోపల రంగు కొత్తది. తలుపు కింద పుట్టీ గూడ మంచిగ పెట్టిండ్రు. నేనేం పాడుజెయ్యలే సార్."

శుభవార్త చెబుతున్నానని అతని నమ్మకం. నేను జహాంగీర్ వైపు చూశాను. అతను తలుపు వైపు చూస్తున్నాడు. పుట్టీ పెట్టిన కారు, కొత్త రంగు వేసిన కారు, అంటించిన దుమ్ము. నాకు మెల్లమెల్లగా అర్థమయింది. ఇన్నాళ్ళూ నేను తాడు కట్టి కాపలా కాసింది నలభై ఏళ్ళ దుమ్మును కాదు. జహాంగీర్ లేచి, ప్యాంటు దులుపుకుని, షట్టర్ పూర్తిగా దించమని నాకు ఉర్దూలో చెప్పాడు.

తన గదిలో తాళం వేసి ఉన్న అల్మారా తెరిచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో జల్లించిన సన్నటి మట్టి సంచి, ఆడవాళ్ళు జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలు, సున్నం, ఒక జల్లెడ. నేను నిలదీశాను. అతను దాచలేదు. ఆ కారుకు ఒకసారి యాక్సిడెంట్ అయిందట. రెండుసార్లు రిపేర్ చేసి రంగు వేశారట. అలాంటిదాని వైపు కొనేవాళ్ళు కన్నెత్తి కూడా చూడరు. కొట్టంలో దొరికిందంటే మాత్రం ఎగబడతారు. ఇటలీలో ఈ పనే చేసే ఒకతన్ని పట్టుకుని దుమ్ము పట్టించాడట. ఎక్కడైనా రాలితే సరిచేయడానికి ఈ పెట్టె కూడా తెచ్చుకున్నాడట. కఫీల్‌కు తెలుసా అని అడిగాను. తెలియదు, తెలిస్తే మన ముగ్గురికీ ఈ దేశంలో మంచినీళ్ళు పుట్టవు అన్నాడు. మన ముగ్గురికీ అనడం విని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ముత్యం భుజం మీద చెయ్యి వేసి, కొడుకుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"రోజూ దాని ముందు నిలవడి సూస్తుంటివి గదా నువ్వు. యాడ ఎంత దుమ్ముండెనో నీకే ఎరుక. రేపు పొద్దుగాల మేడమ్ వస్తది. అప్పటికల్ల ఎట్లుండెనో అట్ల జెయ్యి. నీ వీసా నా జిమ్మా, నేను సూస్కుంట."

ముత్యానికి మొదట అర్థం కాలేదు. పెట్టెలోని మట్టిని వేళ్ళతో రుద్ది చూశాడు. నా వైపు చూశాడు. అర్థమయ్యాక చక్రం పక్కన కూర్చుండిపోయాడు. "పూజ జేసిన బండి సార్," అని మాత్రం అన్నాడు. జహాంగీర్ గడియారం చూసుకుని, సాయంత్రం విమానమా, వీసానా, ఏదో ఒకటి తేల్చుకోమని చెప్పి బయటికి వెళ్ళాడు.

నేను ముత్యాన్ని గోడౌన్ వెనక అతని గదికి లాక్కుపోయాను. నా కోపం నా చేతుల్లో లేదు. ఈ దొంగపని చేయవద్దని, ఇప్పుడే కఫీల్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెబుదామని అరిచాను. కఫీల్ నమ్మకపోతే ఏం చేద్దామని ముత్యం అడిగాడు. నమ్మడని నాకూ తెలుసు. జహాంగీర్ మాట ఒకవైపు, కార్లు తుడిచేవాడి మాట ఒకవైపు. పోనీ ఇంటికే వెళ్ళిపో, పరువైనా మిగులుతుంది అన్నాను. అతను గోడకేసి చూస్తూ అడిగాడు.

"పోయి ఏమని చెప్పాలె భాయ్? బండి మీద దుమ్ము కడిగినందుకు దుబాయ్ కెల్లి ఎల్లగొట్టిండ్రు అంటే, గంగాబాయన్న నమ్ముతదా?"

మా బోధన్‌లో మా అన్నదమ్ములకు చెప్పినా వాళ్ళూ నమ్మరు. ఇంకేదో చేసి ఉంటాడు, చెప్పుకోలేక ఇలా చెబుతున్నాడంటారు. దొంగతనం అంటగడతారు, తాగుడు అంటగడతారు. నిజం చెప్పి పరువు పోగొట్టుకునే పరిస్థితిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ముత్యం లేచి ముఖం కడుక్కున్నాడు. కారు దగ్గరికి పోయి దండ తీశాడు, చక్రాల కింది నిమ్మకాయలు తీసి తువ్వాలులో కట్టాడు. పసుపు కుంకుమలు తడిబట్టతో తుడుస్తుంటే చేతులు ఆగి ఆగి కదిలాయి. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత జల్లెడ అందుకున్నాడు.

పిండి జల్లించినట్టు జల్లించాడు. స్ప్రే కొట్టి, మట్టి రాల్చి, ఊది, మళ్ళీ కొట్టాడు. కప్పు మీద మందంగా, తలుపుల మీద పలచగా, అద్దం మూలల్లో పేరుకున్నట్టుగా. రెట్టలు ఎక్కడెక్కడ ఉండేవో అతనికి కంఠతా వచ్చు. రోజూ బాధపడుతూ చూసిన మురికి కదా, ఒక్క చుక్క కూడా మరచిపోలేదు. పొద్దు వాలాక అసరు నమాజుకు వెళ్ళి వచ్చేసరికి నా ముందు మళ్ళీ నలభై ఏళ్ళ కారు నిలబడి ఉంది. ఇటలీవాడు చేసినదానికంటే నిజంగా ఉంది. చూసి నాకు భయం వేసింది.

మర్నాడు మేడమ్ వచ్చింది. చేతులకు గుడ్డ తొడుగులు, చేతిలో టార్చి. ఇంజను నంబరు చూసింది, కిందికి వంగి చూసింది, ఫొటోలు తీసింది. దుమ్మును మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే ధర పోతుందట. దాని దగ్గర ఊపిరి కూడా బిగబట్టుకుంది. దుమ్ము కింద ఏముందో చెప్పగలిగినది ఆమె ఒక్కతే, ఆమే దుమ్ముకు భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. అంతా అయ్యాక, దీన్ని ఇంత జాగ్రత్తగా కాపాడినవాడు ఎవరని అడిగింది. జహాంగీర్ ముత్యాన్ని చూపించాడు. ఆమె తొడుగు తీసేసి అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ముత్యం తల ఎత్తలేదు. అణకువ అనుకుని ఆమె ఇంకా మెచ్చుకుంది.

దసరా అయిన వారానికి లుసైల్‌లోని ఒక హోటల్ హాల్లో మధ్యాహ్నం వేలం జరిగింది. మమ్మల్ని వెనక వరుసలో నిలబెట్టారు. ముందు పోర్షేలు పోయాయి, జాగ్వార్ పోయింది. ఆల్ఫా రోమియోను తోసుకొచ్చి లైట్లు వేయగానే ముందు వరుసలవాళ్ళు లేచి నిలబడ్డారు. ధర పెరుగుతుంటే నా పక్కనున్న ముత్యం గోడకు జరిగి నిలబడ్డాడు. అంత ధర పెడితే అతని ఊరిని పొలాలతో సహా కొనవచ్చు, చుట్టుపక్కల ఊళ్ళు కూడా వస్తాయేమో. సుత్తి పడింది. చప్పట్లు కొట్టారు. కొన్న పెద్దాయన ఎవరో ముసలి దొర, కారు దగ్గరికొచ్చి దుమ్మును ముట్టుకోకుండా వేలు దానికి దగ్గరగా ఆడిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఇంట్లో పండగ చేసుకునే పనివాళ్ళు ఎవరూ ఉండకూడదని అల్లాను వేడుకున్నాను.

కఫీల్ జహాంగీర్‌ను కౌగిలించుకున్నాడు. ముత్యం దగ్గరికి కూడా వచ్చి భుజం తట్టి, ఈ మనిషిని పంపవద్దన్నాడు. ఆయన వెళ్ళాక జహాంగీర్ మా దగ్గరికి వచ్చాడు. ముత్యం వీసా ఖాయమైందని చెప్పాడు. యూరప్ నుంచి ఇంకో మూడు కార్లు వస్తున్నాయట, మూడూ కొట్టాల్లో దొరికినవేనట. ఇకమీదట ముత్యం తుడవక్కర్లేదు, తుడవడానికి ఎవడైనా దొరుకుతాడు, ఆ అల్మారా పని చూసుకుంటే చాలు అని, జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. ఒక్కసారి చేసి మరచిపోదామనుకున్న పని అతనికి ఉద్యోగమయింది.

హాలు బయటికి వచ్చాక గంగాబాయి ఫోన్ చేసింది. చుట్టూ జెండాల చప్పుడు, మాట వినపడక ముత్యం స్పీకర్ పెట్టాడు. ఆమె రోజూ అడిగేదే అడిగింది. ఖాయమైందని ముత్యం చెప్పాడు. అటువైపు ఆమె ఏడుస్తున్నట్టు వినిపించింది. ఏడుస్తూనే, నేను జెప్పలేదా, పండగనాడు బండి కడిగినందుకే దేవుడు సూసిండు అంది. ముత్యం ఊకొట్టాడు.

"ఇగ ఏం పని జెయ్యాల్నట?" అని అడిగింది గంగాబాయి.

"అదే పని," అన్నాడు ముత్యం. "బండ్లు కడుగుడు."

ముత్యం అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. అతను ఫోన్ పెట్టేశాడు. నా వైపు చూడకుండా తాళంచెవి జేబులో వేసుకుని, గోడౌన్‌కు వెళ్ళే బస్సు వచ్చిందని చెప్పి ముందు నడిచాడు.